గునుగుపూల రంగేసిన కుర్చీ

మొన్న మా మనవరాలు హనుమకొండలో కొత్తగా తీసుకున్న ఇల్లు చూపిస్తానని నన్ను ఆటో ఎక్కించుకుని పోయింది. ఇల్లు బాగుంది, వెలుతురు బాగుంది, లిఫ్టు ఒక్కటే నన్ను కొంచెం భయపెట్టింది. హాల్లో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. దానికి నీలిరంగు వేశారు, అయితే అంచుల దగ్గరంతా గీకిపోయి లోపలి కర్ర బయటపడింది. పాపం, కొత్త సంసారం, పాత సామాను కొనుక్కుని సర్దుకుంటోంది కాబోలనుకుని, ఒక డబ్బా రంగు తెప్పించు బిడ్డా, నేనే కూర్చుని వేసిపెడతానన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది. అది పాతది కాదట. కొత్త కుర్చీకి రంగు వేసి, ఆ రంగును కావాలని గీకి, పాతదానిలాగా చేసి అమ్ముతారట. గీకినందుకు ధర ఎక్కువట. పాతదాన్ని కొత్తదిగా చూపించడానికి మా అండాలత్త పడిన పాట్లు కళ్ళారా చూసినదాన్ని నేను. ఆ కుర్చీలో కూర్చోబోతూ నాకు తెలియకుండానే దాన్ని చేత్తో రుద్ది అరచెయ్యి చూసుకున్నాను. "ఏం చూస్తున్నవ్ అమ్మమ్మా?" అంది పిల్ల. చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకినా అయ్యేటట్టు లేదు. ఆ పిల్లకు ఆఫీసు ఫోన్లు ఒకటే మోగుతున్నాయి. అందుకని ఇంటికొచ్చి ఇలా రాసుకుంటున్నాను.

వరంగల్‌లో మా ఇల్లు స్టేషన్‌కు దగ్గరి గల్లీలో ఉండేది. పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా, వెనక వంటిల్లు, మధ్యలో రెండు అర్రలు. పొద్దున రైలు కూత వినపడిందంటే అమ్మ పొయ్యి ముట్టించేది. ఆ తర్వాత ఇంటి నిండా పిడకల పొగ, దానిమీద సర్వపిండికి వేసిన నువ్వుల వాసన. బాపుకు ఒకప్పుడు బజారులో సొంత బట్టల దుకాణం. అన్నదమ్ములు వేరుపడినప్పుడు దుకాణం జాగా పెదనాయనకు పోయింది, సామాను మాకు వచ్చింది. సామానంటే చీరలూ ధోతులూ అనుకునేరు. రాత్రిపూట దుకాణం మూయడానికి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టే టేకు పలకలు, తలుపు ఊడిన బీరువా, కాలు విరిగిన కుర్చీ, దుకాణం పేరు రాయగా అడుగున మిగిలిన పచ్చరంగు డబ్బా, ఇవీ మా ఆస్తి. బాపు ఇంకొకరి దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. అయినా పలకలను మాత్రం వసారాలో గోడకు ఆనించి, పైన గోనెపట్టా కప్పి, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఎప్పటికైనా మళ్ళీ దుకాణం తెరుస్తానని ఆయన నోటితో అనలేదు కానీ మాకందరికీ తెలుసు.

అండాలత్త బాపుకు చెల్లెలు. ఆమెను రఘునాథపల్లిలో కిరాణా దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చారు. కాపురం పట్టుమని రెండేళ్ళు సాగలేదు, మామ విషజ్వరంతో పోయాడు. నాకు ఊహ తెలిసేనాటికే అత్త మా ఇంట్లో ఉంది, తెల్లచీరలో ఉంది. బొట్టు లేదు, గాజులు లేవు, పండక్కి ముందుకు వచ్చేది లేదు. పొద్దున్నే బాపు పనికి బయలుదేరేటప్పుడు ఎదురుపడతానేమోనని తనే వంటింట్లోకి తప్పుకునేది. బాపు రావద్దని ఎప్పుడూ అనలేదు. రమ్మని కూడా ఎప్పుడూ అనలేదు. తెల్లచీర కట్టిన మనిషి అంటే చాలా పెద్దదని నేననుకునేదాన్ని. ఇప్పుడు లెక్కవేసి చూస్తే ఆమె అప్పుడు నా మనవరాలికన్నా చిన్నది. ఈ సంగతి నాకు తట్టినప్పుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాను, కంచం పక్కకు నెట్టేశాను.

అత్తకు ఏ వస్తువునూ పారేయడం చేతకాదు. విరిగిన గొడుగు బట్ట కూరగాయల సంచి అయ్యేది. దాని ఊచలు బాపు చొక్కాలు తగిలించే కొక్కేలయ్యేవి. డాల్డా డబ్బాలో తులసి మొక్క, ఆగిపోయిన గోడగడియారం పెట్టెలో తాళింపు దినుసులు. ఆవాలు కావాలంటే మేం గడియారం తలుపు తెరిచేవాళ్ళం. బయటివాళ్ళకు ఇది వింత, మాకు మామూలు. బడిలో నా స్నేహితురాళ్ళ ఇళ్ళలో ఆవాలు డబ్బాలో ఉండటం చూసి నేనే ఆశ్చర్యపోయాను. నాయనమ్మ గడప మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ ఇదంతా చూసేది. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. నేను పోయినంక ఇది నన్ను సుత పారెయ్యదు, తలుపుకు అడ్డం వెట్టుకుంటది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అత్త కూడా నవ్వేది. ఆ ఇంట్లో ఆమెను అందరూ ప్రేమగానే చూసేవాళ్ళు, ఆ మాట నేను కాదనను. ప్రేమగానే వెనక అర్రలో ఉంచారు.

బతుకమ్మ పండగ వస్తే మాత్రం గల్లీ అంతా మా పెరట్లోనే. గునుగుపూలకు రంగు పట్టించడంలో అత్తది మంచి చెయ్యి. గునుగు తెల్లటి పువ్వు, కుచ్చులాగా ఉంటుంది. దాన్ని కట్టలు కట్టి, బజారులో దొరికే రంగు పొట్లాన్ని వేడినీళ్ళలో కలిపి ముంచి, నీడలో ఆరబెడతారు. అందరూ చేసేదే, కానీ అత్త ముంచితే రంగు కొసనుంచి మొదటిదాకా ఒక్కతీరుగా పట్టేది. గులాబీ, ఊదా, చిలకపచ్చ కట్టలు వరుసగా ఆరుతుంటే పెరడు పెళ్ళివారిల్లులా ఉండేది. సాయంత్రం అందరూ కొత్తచీరలు కట్టుకుని బతుకమ్మలు ఎత్తుకుని పోయేవాళ్ళు. అత్త గుమ్మం లోపల నిలబడి చూసేది. రంగుతో తడిసిన వేళ్ళను కొంగులో దాచుకునేది. ఎవరైనా చూస్తే ఏమంటారోనని ఆ వేళ్ళను చింతపండు పెట్టి తోముకోవడం నేను చూశాను.

ఒక ఎండాకాలం రఘునాథపల్లి నుంచి అత్త బావగారు వచ్చాడు. వాళ్ళమ్మ మంచాన పడింది, భార్యకు నడుము నొప్పి, ఇంట్లో చేసే దిక్కు లేదు, ఆ ఇంటి మనిషే కాబట్టి అండాలును పంపమన్నాడు. మిరుగు లోపల, అంటే మృగశిర వానలు పడేలోగా, వచ్చి తీసుకుపోతానని చెప్పి, అమ్మ పెట్టిన భోజనం చేసి వెళ్ళాడు. అంతకు ముందు అన్నేళ్ళలో ఆ ఇంటినుంచి బతికున్నావా అని అడిగినవాళ్ళు లేరు. నాయనమ్మకు మాత్రం ఇది సబబుగానే తోచింది. ఆడపిల్ల అత్తవారింట్లో ఉంటేనే మర్యాద, రేపు తను పోయాక ఎవరు చూస్తారని ఆమె బెంగ. బాపు ఔననలేదు, కాదనలేదు. ఇంట్లో ఒక్క ముద్ద తగ్గితే ఎంత వెసులుబాటో గుమాస్తాకు తెలుసు, చెల్లెలు అక్కడికి పోతే ఏమవుతుందో అన్నకు తెలుసు. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచిపోయాడు. మర్నాటినుంచి అత్త ఏ విరిగిన వస్తువునూ చేతికి తీసుకోలేదు. నాకు భయం వేసింది.

దారి చూపించింది అమ్మ. నల్లా దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నదట. పిల్లలకు బాలబడులు పెట్టడానికి సర్కారు సాయం చేస్తోందని, చదువుకున్న ఆడమనిషి ఉండి, పిల్లలు కూర్చునే జాగా ఉంటే టీచరుకు జీతం, పిల్లలకు పాలపొడి ఇస్తారని. అత్త పెళ్ళికి ముందు ఏడో తరగతిదాకా చదువుకుంది. నిజాం కాలపు చదువు, ఉర్దూ అక్షరాలు కూడా ముత్యాల్లా రాసేది. అమ్మ ఆ మాట బాపు చెవిన వేసింది. వేసి ఊరుకోలేదు, పొద్దున చాయ్‌తో ఒకసారి, రాత్రి మజ్జిగతో ఒకసారి గుర్తుచేస్తూనే ఉంది. చివరికి బాపు ఒక పూట సెలవు పెట్టి చెల్లెల్ని బస్సులో హనుమకొండ ఆఫీసుకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి ఇద్దరి మొహాలూ ఎండకు కందిపోయి ఉన్నాయి. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ మాటకు గట్టిదట. వసారా అయితే సరిపోతుంది, కానీ పిల్లలకు బల్లలు, రాయడానికి బోర్డు, సామాను పెట్టే బీరువా, టీచరుకు కుర్చీ ఉండాలి, నేనే వచ్చి చూస్తాను, లేకపోతే ఇంకో గల్లీవాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిస్తానన్నదట. బాపు చెప్పులు విప్పుతూ, "ఆమె గూడ మన అండాలు లెక్కనే. తెల్లచీరెనే కట్టింది" అన్నాడు. నాయనమ్మ వక్కల కత్తెర ఆపి, అయ్యో అంది. మరి అటువంటి మనిషిని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారా అని కూడా అడిగింది.

కొత్త బల్లలు కొనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, అది మా తాహతుకు అయ్యేది కాదు గనక. అత్త ఆ సాయంత్రం వసారాలో చాలాసేపు నిలబడింది. ఆమె చూపు పలకల మీదే ఉంది. బాపు మంచినీళ్ళు తాగుతూ అది గమనించాడు. గ్లాసు కింద పెట్టి, పోయి గోనెపట్టా లాగేశాడు. ఎన్నేళ్ళ దుమ్మో లేచి అందరం దగ్గాం. ఒక్కొక్క పలకనూ కిందకు దించుతూ, ఇది మొదటిది, ఇది తలుపు పక్కది, ఇది చివర వేసేది అని తనలో తను చెప్పుకుంటున్నాడు. చివరి పలక అత్త చేతికి ఇచ్చేటప్పుడు కొంచెంసేపు వదల్లేదు. "తీస్కో అండాలూ. గోడకు నిలవెడితే దుకాణం అయితదా?" అన్నాడు. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాయనమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. నాకైతే ఆ క్షణాన బాపు మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను, ఇప్పటికీ ఆ గౌరవం అలాగే ఉంది.

ఇక చూడండి ఆమె పని. పలకలను కోయించలేదు. విరిగిన ఇటుకలు, మట్టి కలిపి పొట్టిగా దిమ్మెలు కట్టి వాటిమీద పలకలు పరిస్తే పిల్లల బల్లలయ్యాయి. చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, నూరి, ఉడికించి జిగురు చేసింది. వడ్రంగి దగ్గర్నుంచి నేను మోసుకొచ్చిన రంపపు పొట్టును ఆ జిగురులో కలిపి పలకల పగుళ్ళన్నిటినీ పూడ్చింది. ఇల్లంతా ఆ జిగురు వాసన, పుల్లగా, మగ్గినట్టుగా. అన్నంలో కూడా అదే వాసన వస్తోందని నేను గునిస్తే అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టింది. బీరువాకు ఊడిన తలుపులు రెండు. ఒకదాన్ని దొండాకు, బొగ్గు కలిపి నూరిన పసరుతో రుద్దిరుద్ది నల్లబోర్డు చేసింది. తలుపు లేని బీరువాకు అమ్మ పాత చీర తెరగా కట్టింది. డబ్బా అడుగున ఉన్న పచ్చరంగుకు కిరసనాయిలు కలిపి పలచన చేసి వేస్తే బీరువా దాకా వచ్చింది, అంతే. ఇక కుర్చీ. దాని విరిగిన కాలు తీసేసి, పాత మంచం కోడు చెక్కించి పెట్టించింది. మూడు కాళ్ళు సన్నగా, ఒక కాలు ఏనుగు కాలులాగా ఉండేది. దాని మీద కూర్చుంటే చెక్కుచెదరదు కానీ చూస్తే నవ్వొస్తుంది.

రంగు అయిపోయింది, బల్లలూ కుర్చీ బోసిగా మచ్చలమచ్చలుగా మిగిలాయి. అప్పుడు అత్తకు గునుగుపూల రంగు గుర్తొచ్చింది. పండగకు మిగిలిన పొట్లాలు ఎక్కడెక్కడివో వెతికి తీసింది. చింతగింజల జిగురులోనే ఆ రంగులు కలిపి పలకలకు పూసింది. ఒకటి ఊదా, ఒకటి చిలకపచ్చ, ఒకటి పసుపు. కుర్చీకి మాత్రం గులాబీ. అసలు గులాబీ కూడా కాదు, కళ్ళు మిరుమిట్లు గొలిపే రంగు. ఎండాకాలం కాబట్టి పూట తిరిగేలోపు ఆరిపోయింది. పొడిగుడ్డతో రుద్ది చూసింది, అంటలేదు. పువ్వు ఎలా తాగిందో కర్ర కూడా అలాగే తాగిందని ఆమె మురిసిపోయింది. పైన ఒక చెయ్యి వార్నిష్ వేస్తే చాలు, అది బాపు తేవాలి. బాపుకు ఆ వారం దుకాణంలో పెళ్ళిళ్ళ బేరాలు, ఊపిరాడలేదు. గల్లీలో ఆడవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. మా వసారా అంత అందంగా మళ్ళీ ఎన్నడూ లేదు. అత్త ఆ బల్లల మధ్య తిరుగుతుంటే ఆమె తెల్లచీర మీద కూడా ఆ రంగుల నీడ పడుతున్నట్టుండేది. ఆమె కూనిరాగం తీయడం నేను వినడం అదే మొదటిసారి.

వార్నిష్ రాకముందే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రోడ్లన్నీ ఖాళీ. రిక్షా దిగి గొడుగు ముడుస్తుంటే అమ్మ చూసి లోపలికి పరుగెత్తింది. సన్నగా, పొడుగ్గా ఉంది ఆమె. తెల్లటి ఖద్దరు చీర, చేతికి గడియారం. చెమటతో మొహమంతా తడిసిపోయింది. మా ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. ఎండలో వచ్చిన మనిషికి కుర్చీ ఊరికే వేయరు. తడిగుడ్డతో చల్లగా తుడిచి వేస్తారు, కూర్చున్నప్పుడు ఒంటికి చల్లదనం తగలాలని. అమ్మ కుండ నీళ్ళలో గుడ్డ ముంచి, కుర్చీ మొత్తం ప్రేమగా, బాగా తడిచేటట్టు తుడిచింది. అత్త అప్పుడు పిల్లల్ని పోగుచేయడానికి పక్కింటికి పోయింది. ఆమె ఇంట్లో ఉంటే ఆపేదేమో. అమ్మకేం తెలుసు, రంగు పడ్డ వస్తువు రంగు పడ్డట్టే అనుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ కూర్చుంది. బెల్లం పానకం తాగింది. అత్త పిల్లల్ని వెంటేసుకుని వచ్చి బల్లల మీద కూర్చోబెట్టి, బోర్డు మీద అక్షరాలు రాసి చెప్పించింది. ఆవిడ తొందరపడకుండా అన్నీ అడిగింది. ఈ బల్లలు ముందు ఏమిటి, ఈ బోర్డు ఏమిటి, ఈ కుర్చీకి ఈ కాలు ఎక్కడిది అని. దుకాణం పలకలని, బీరువా తలుపని, మంచం కోడని అత్త తలొంచుకుని నేరం ఒప్పుకున్నట్టు చెబుతోంది. ఆవిడ మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది. నాయనమ్మ కూడా గడప దాటి వచ్చి నిలబడింది. పని అయిపోయినట్టేనని అందరికీ అనిపించింది. అప్పుడు ఆవిడ బోర్డును దగ్గరగా చూద్దామని లేచి అటు తిరిగింది.

తెల్లచీర వెనక భాగమంతా గులాబీ. వీపు మీద కుర్చీ పట్టీలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. పిల్లల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. అమ్మ చేతిలో పానకం చెంబు అలాగే ఉండిపోయింది. అత్త ఒక్క అడుగు ముందుకు వేసి, ఆగి, ఉన్నచోటనే కూలబడింది. ఏడవలేదు. మొహం పాలిపోయి, అంతా అయిపోయింది అన్నట్టు నేల చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళకు రఘునాథపల్లి వంటిల్లు కనిపించి ఉంటుంది. ఆవిడ కొంగు ముందుకు లాక్కుని చూసుకుంది. మార్చుకోవడానికి చీర ఉందా అని అడిగింది. అత్తకు ఉన్నవి రెండు తెల్లచీరలు. ఒకటి ఒంటి మీద ఉంది, ఇంకొకటి అప్పుడే ఉతికి దండెం మీద నీళ్ళు కారుతోంది. మిగిలినవన్నీ అమ్మవీ నాయనమ్మవీ, రంగు చీరలు. అమ్మ తటపటాయిస్తూ పెట్టె తెరిచి, ఉన్నవాటిలో మంచిది, ఆకుపచ్చ చీర, ఎర్రంచుది, తీసి పట్టుకుంది. నాయనమ్మ ఉండబట్టలేక, ఆ చీర ఆయమ్మకెట్ల ఇస్తవే, తప్పుగాదా, అండాలుది తడిదే పిండి కట్టుకోనియ్యరాదు అంది. ఆవిడ వింది. అమ్మ చేతిలోంచి పచ్చచీర తీసుకుని లోపలికి పోయింది.

చాలాసేపు బయటికి రాలేదు. ఆ తర్వాత అమ్మ చెప్పింది, కుచ్చిళ్ళు సరిచేద్దామని లోపలికి పోతే ఆవిడ అంచును చేత్తో నిమురుతూ నిలబడి ఉందట. బయటికి వచ్చినప్పుడు మేమెవరం ఆమె మొహంలోకి చూడలేకపోయాం. చూసిందల్లా నేనే, చిన్నదాన్ని గనక. ఎంత బాగుందో. బడి సంగతి ఏమీ చెప్పకుండానే గొడుగు తీసుకుని రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. అమ్మ తన చేతిని తనే కొట్టుకుని ఏడ్చింది. తుడవకపోతే ఏమయ్యేది, నా చెయ్యి విరగ అని. వదినెను ఓదార్చింది అత్తే. ఆ పైన ఆమె ఆ ఖద్దరు చీరను సోడా పెట్టి, నిమ్మకాయ పెట్టి, ఎండలో నానేసి ఉతికింది. రంగు పోయీపోక, లేత మరక ఒకటి మిగిలిపోయింది. కర్రను వదిలిన రంగు బట్టను వదల్లేదు. బాపు వార్నిష్ తెచ్చి ఒక మూల పెట్టాడు. అత్త దాని మూత తీయలేదు. తన ఇనుపపెట్టె తీసి తుడుచుకుంటోంది.

కొన్నాళ్ళకు ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వచ్చింది, తెల్లచీరలోనే. అమ్మ చీరను ఉతికించి ఇస్త్రీ చేయించి తెచ్చింది. ఈసారి అమ్మ కుర్చీ వేయడానికే భయపడింది. ఆవిడ పోయి గడప మీద నాయనమ్మ పక్కన కూర్చుంది. ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆ దినం మీ కోడలి చీరెల ఈడికెళ్ళి హనుమకొండ దాక పోయిన్నమ్మా, చౌరస్తల రిక్షా దిగి ఇంటిదాక నడిచిన. తొవ్వల ఎదురొచ్చినోళ్లు ఒక్కలు సుత ఆగలే, పక్కకు జరగలే. నాకే తెలుస్తలేదు, ఎన్నేండ్లాయెనో గట్ల నడిచి." ఆవిడ గొంతు మార్చింది, ఆఫీసు గొంతు. బడి మంజూరైందని, సామానంతా పనికొస్తుందని, రంగు మాత్రం ఊడకుండా చూసుకోవాలని చెప్పింది. అత్త చేతులు జోడించింది. అంతలో ఆవిడ నాయనమ్మ వైపే తిరిగి, "ఒక్క రూలున్నది. బాలబడిల టీచరు తెల్లచీరె కట్టొద్దు. పిల్లలు జడుసుకుంటరు. రంగుచీరె లేకుంటె బడి రద్దయితది" అంది.

నాయనమ్మ చాలాసేపు వక్కల సంచిలో చెయ్యి పెట్టి దేనికోసమో వెతికింది. దేవుడి మాటకన్నా, కులపెద్దల మాటకన్నా మా ఇళ్ళలో సర్కారు మాట అంటే ఎక్కువ దడుపు. చివరికి, సర్కారు రూలైతే ఎవలేంజేస్తరు, కట్టుకోనీ అంది. అని తనే లేచి లోపలికి పోయి, తన పెట్టె అడుగున ఎప్పుడు దాచిందో తెలియదు, అత్త పెళ్ళినాటి నీలిచీర తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది. పడేసి గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

మిరుగు వచ్చింది, చినుకు పడింది, రఘునాథపల్లి బావగారూ వచ్చాడు. వచ్చేసరికి వసారాలో రంగుబల్లల మీద పిల్లలు వరసగా కూర్చుని అరుస్తున్నారు. బల్లలకు వార్నిష్ నిగనిగలాడుతోంది. నీలిచీరలో అత్త బోర్డు దగ్గర నిలబడి ఉంది. ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు. ఆ చీరతో ఆమెను ఊళ్ళోకి తీసుకుపోతే నలుగురూ ఏమంటారో ఆయనకు తెలుసు. చీర విప్పించమని అడగడానికి అది ఆయన ఇల్లు కాదు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వానొచ్చేటట్టుందని చెప్పి, వచ్చిన దారినే పోయాడు. అత్త పాఠం ఆపలేదు. ఆ తర్వాత బాపు కూడా పొద్దున్నే పనికి పోతూ, అండాలూ పోయొస్త అని పిలిచి, ఆమె వసారాలోకి వచ్చాకనే మెట్లు దిగేవాడు.

అత్త ఆ బడి చాలా ఏళ్ళు నడిపింది. ఏటేటా పండగ మర్నాడు బల్లలకు కొత్త రంగు వేసేది, ప్రతిసారీ వేరే రంగు. పాత రంగును గీకేది కాదు, దానిమీదే వేసేది. ఆనాటి లేమి బాగుండేదని నేను చెప్పబోవడం లేదు. చింతగింజల జిగురు కంపు మళ్ళీ నా ఇంట్లో వస్తే నేనే వాకిట్లోకి పారిపోతాను. ఇప్పటి పిల్లలు నచ్చని వస్తువును చిటికెలో మార్చేస్తారు, నాకది తప్పుగా కనిపించదు. మాకు మార్చుకునే వీలు లేదు, అందుకని ఉన్నదాన్నే ఏదో ఒకటి చేసేవాళ్ళం. అయితే మనుషుల విషయంలో మాత్రం మేం ఆ పని అంత తేలిగ్గా చేయలేకపోయాం. గడియారం పెట్టెను ఆవాల డబ్బా చేసినవాళ్ళం, ఇంటి ఆడబిడ్డ మీదికి మళ్ళీ ఒక రంగు రావడానికి సర్కారు నుంచి మనిషి రావలసి వచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు కోపమే వస్తోంది.

చాలా కాలానికి, నేనూ టీచరునై హనుమకొండలో పనిచేస్తున్నప్పుడు, ఉద్యోగం నుంచి దిగిపోయిన ఇన్‌స్పెక్టరమ్మను చూడటానికి వాళ్ళింటికి పోయాను. బాగా పెద్దదైపోయింది, చూపు మందగించింది. అదే ఖద్దరు, అదే తెలుపు. నేనెవరి కోడలినో, ఎవరి బిడ్డనో అంతా విని, అండాలు ఎట్లుంది అని అడిగింది. బాగుందని, నిన్న కూడా ఊదారంగు చీర కొనుక్కుందని చెప్పాను. మురిసిపోయింది. అప్పుడు, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్నది అడిగాను. బాలబడి రూళ్ళన్నీ నేను చదివాను, తెల్లచీర కట్టవద్దన్న రూలు ఎక్కడా లేదు, అది మీరు పుట్టించిందేనా అని. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. మీ నాయనమ్మకు రూలు గావాలె, మీ అత్తకు చీరె గావాలె, నేనేం జేతు అంది.

నేను ఊరుకోలేదు, చిన్నప్పటినుంచీ నాకు నోరు ఎక్కువ. మరి ఆ రూలు మీకెందుకు పెట్టుకోలేదమ్మా, ఆ రోజు ఆ పచ్చచీరలో ఎంత బాగున్నారో నేను చూశాను అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. మసకబారిన కళ్ళతో నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుంది.

"నామీద ఇంకో ఇన్‌స్పెక్టరు లేకపాయె గద బిడ్డా."